టార్చిలైటుకు ఏ సైజు చార్జింగ్ సెల్ మంచిది? తరచుగా అడిగే ప్రశ్నలు

టార్చిలైటు కొనేటప్పుడు ల్యూమెన్లు (వెలుగు ఎంతో చెప్పే కొలత) ఎన్నో అడుగుతాం, షాపులోనే ఎదుటి గోడ మీద వేసి చూస్తాం. లోపల పడే సెల్ సంగతి మాత్రం చాలామంది అడగరు. ఆ లైటు ఎన్ని గంటలు వెలుగుతుందో, మూడేళ్ల తర్వాత కూడా పనికొస్తుందో లేదో, సెల్ పోతే మళ్లీ దొరుకుతుందో లేదో తేల్చేది ఆ సెల్లే. ఒక మాట ముందే చెప్పేస్తాను: సెల్ బయటికి తీసి మార్చుకోగలిగే లైటునే కొనమని నా సలహా. ఎందుకో కింది జవాబుల్లో తెలుస్తుంది.

18650, 21700 అని రాస్తారు కదా, ఆ అంకెలేమిటి?

అవి సెల్ కొలతలు. మొదటి రెండంకెలు మందం, తర్వాతి రెండు పొడవు, రెండూ మిల్లీమీటర్లలోనే. చివరి సున్నా అది గుండ్రటి గొట్టం ఆకారంలో ఉంటుందని చెబుతుంది. 18650 అంటే 18 మి.మీ. మందం, 65 మి.మీ. పొడవు. 21700 అంటే 21 మందం, 70 పొడవు. 26650, 18350, 16340, 14500, 10440 అన్నీ ఇదే లెక్క.

ఈ అంకెలతో అమ్మే టార్చి సెల్లు దాదాపు అన్నీ లిథియం అయాన్ రకం. సగటున 3.6 లేదా 3.7 ఓల్టులు ఇస్తాయి, నిండా చార్జ్ చేస్తే 4.2 ఓల్టులు ఉంటాయి. సోనీ 1991లో లిథియం అయాన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ల పుణ్యమా అని 18650 లోకమంతా పాకింది. 21700కు 2017లో టెస్లా మోడల్ 3 కారుతో ఊపొచ్చింది. మన టార్చిలకు ఈ సైజుల్లో మంచి సెల్లు దొరుకుతున్నాయంటే కారణం ల్యాప్‌టాప్‌లూ కార్లే.

మరి పెన్ సెల్లు, రిమోట్ సెల్లు, పెద్ద సెల్లు?

పెన్ సెల్ అని మనం అనేది ఏఏ, రిమోట్‌లో వేసే సన్న సెల్ ఏఏఏ, పాత స్టీలు టార్చిల్లో రెండో మూడో వేసే లావు సెల్ డి సైజు. వీటిలో చార్జింగ్ రకం సాధారణంగా నికెల్ మెటల్ హైడ్రైడ్, ఒక్కోటి 1.2 ఓల్టులు. మామూలు సెల్ 1.5 ఓల్టులు కదా, 1.2 సరిపోతుందా అని చాలామందికి అనుమానం. మామూలు సెల్ 1.5 దగ్గర మొదలై వాడేకొద్దీ జారిపోతూనే ఉంటుంది. నికెల్ సెల్ 1.2 దగ్గర చాలాసేపు నిలబడుతుంది. ఎల్ఈడీ టార్చిల్లో తేడా కంటికి తెలియదు. పాత బల్బు టార్చిల్లో మొదట కాస్త మసకగా అనిపించవచ్చు.

ఎంఏహెచ్ ఎక్కువుంటే ఎక్కువసేపు వెలుగుతుందా?

ఎంఏహెచ్ అంటే మిల్లీ ఆంపియర్ అవర్, సెల్‌లో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత. ఒకే రకం సెల్లను పోల్చినప్పుడు అవును. వేర్వేరు రకాలను పోల్చేటప్పుడు ఆ అంకె మోసం చేస్తుంది. ఎంఏహెచ్ మాత్రమే చెప్పి ఓల్టులు చెప్పకపోవడం, ధాన్యం ఎన్ని బస్తాలో చెప్పి బస్తాకెన్ని కిలోలో చెప్పకపోవడం లాంటిది. రెండూ గుణిస్తేనే అసలు శక్తి తెలుస్తుంది. ఎంఏహెచ్‌ను వెయ్యితో భాగించి ఓల్టులతో గుణించండి, వాట్ అవర్లు వస్తాయి.

నికెల్ రకం డి సైజు సెల్ మీద 10,000 ఎంఏహెచ్ అని ఉందనుకోండి. 10ని 1.2తో గుణిస్తే 12 వాట్ అవర్లు. పక్కనే 3,400 ఎంఏహెచ్ 18650 ఉంది. 3.4ను 3.6తో గుణిస్తే 12.24. అంటే పదివేల అంకె ఉన్న లావు సెల్, మూడువేల నాలుగొందల సెల్ రెండూ సమానం! డి సెల్ బరువు 150 గ్రాములు దాటుతుంది, 18650 సుమారు 47 గ్రాములే.

సైజుల వారీగా నిజంగా ఎంత శక్తి ఉంటుంది?

మంచి కంపెనీ సెల్లకు సుమారు లెక్కలివి. ఏఏఏ నికెల్ సెల్ 800 ఎంఏహెచ్, అంటే దాదాపు 1 వాట్ అవర్. ఏఏ నికెల్ సెల్ 2,000 ఎంఏహెచ్, 2.4 వాట్ అవర్లు. లిథియం వైపు వస్తే, ఏఏ అంతే ఉండే 14500లో 900 ఎంఏహెచ్ వరకు, సుమారు 3.3 వాట్ అవర్లు. బొటనవేలంత ఉండే 16340లో 2.5, దానికన్నా కాస్త లావైన 18350లో 4. 18650లో 3,000 నుంచి 3,500 ఎంఏహెచ్, అంటే 11 నుంచి 12.6. 21700లో 4,000 నుంచి 5,000 ఎంఏహెచ్, అంటే 14 నుంచి 18. 26650లో 5,000 ఎంఏహెచ్, 18 దాకా.

నాలుగు పెన్ సెల్లు కలిపితే 9.6 వాట్ అవర్లు, బరువు వంద గ్రాములు దాటుతుంది. ఒక్క 18650 దానికన్నా ఎక్కువిస్తుంది, సగం బరువు కూడా లేదు. టార్చి తయారీదారులు ఈ సైజును పట్టుకుని వదలకపోవడానికి కారణం ఇదే.

ఇంతకీ లైటు ఎన్ని గంటలొస్తుంది?

ఇప్పటి మంచి ఎల్ఈడీ ఒక వాట్‌కు వంద ల్యూమెన్ల చుట్టుపక్కల ఇస్తుంది. 300 ల్యూమెన్లు కావాలంటే 3 వాట్లు. 12 వాట్ అవర్ల 18650తో మూడున్నర నుంచి నాలుగు గంటలు. 50 ల్యూమెన్లతో ఇంట్లో తిరగడానికి సరిపెట్టుకుంటే రాత్రిళ్లు రెండు గడుస్తాయి. వెయ్యి ల్యూమెన్లు పెడితే లెక్క ప్రకారం గంటే. అంతకుముందే లైటు వేడెక్కి తనంతట తాను వెలుగు తగ్గించుకుంటుంది. డబ్బా మీద పెద్దక్షరాల్లో రాసే ల్యూమెన్లు చాలాసార్లు ఆ మొదటి ఒకటి రెండు నిమిషాలవే. కాబట్టి అడగాల్సింది మధ్య స్థాయిలో ఎంతసేపు వెలుగుతుందని.

వెలుగు ఎంత దూరం పోతుందన్నది మాత్రం సెల్ తేల్చేది కాదు, ముందున్న అద్దం గిన్నె, ఎల్ఈడీ తేలుస్తాయి. పెద్ద సెల్ వేసినంత మాత్రాన వెలుగు చెరువు అవతలి గట్టుకు చేరదు.

ఆన్‌లైన్‌లో 9,900 ఎంఏహెచ్ 18650 చవగ్గా కనిపించింది. కొనొచ్చా?

కొనకండి. ఆ అంకె నిజమైతే ఆ చిన్న గొట్టంలో 36 వాట్ అవర్లు ఉండాలి. అలాంటి 18650ను ఏ కంపెనీ తయారు చేయడం లేదు. ఏళ్లుగా 3,500 ఎంఏహెచ్ దగ్గరే ఈ సైజు పైమెట్టు. ఇటీవల వచ్చిన కొన్ని దాన్ని కొంచెం దాటాయంతే. 5,000, 6,800, 8,800, 9,900 ఏ అంకె వేసినా 18650 మీద అది అబద్ధమే. తొడుగు మీద అంకె అచ్చు వేయడానికి ఖర్చేమీ కాదు, అందుకే అంత ధైర్యం.

కనిపెట్టడానికి వంటింటి డిజిటల్ కాటా చాలు. అసలు 18650 బరువు 44 నుంచి 50 గ్రాముల మధ్య తూగుతుంది. చేతిలో పెట్టుకుంటే సైజుకు మించిన బరువుగా అనిపిస్తుంది. నకిలీది 30 గ్రాముల దగ్గర ఆగిపోతుంది, ఒక్కోసారి ఇంకా తక్కువ. విప్పి చూసినవాళ్లకు కొన్నిటిలో చిటికెన వేలంత చిన్న సెల్, మిగతా జాగాలో తెల్లటి పొడి కనిపించాయి. మీరు మాత్రం విప్పకండి, ప్రమాదం. కాటాలో తూస్తే చాలు.

బరువు సరిపోయినా సెల్ పాతది కావచ్చు. వాడేసిన ల్యాప్‌టాప్ ప్యాకుల నుంచి తీసి కొత్త తొడుగు వేసి అమ్మేవాళ్లున్నారు. దాన్ని పట్టుకోవాలంటే సామర్థ్యం కొలిచే చార్జర్ ఉండాలి. సెల్‌ను నింపి, ఖాళీ చేసి, ఎంత పట్టిందో అంకె చూపిస్తుంది. 3,400 అని రాసిన సెల్ 3,200 చూపిస్తే బెంగ లేదు. 1,100 చూపిస్తే అదే రోజు వాపసు పెట్టండి.

పేరున్నవి కావాలంటే పానసోనిక్ ఎన్‌సీఆర్18650బీ 3,400 ఎంఏహెచ్, శామ్‌సంగ్ 35ఈ 3,500, శామ్‌సంగ్ 30క్యూ 3,000, 21700లో శామ్‌సంగ్ 50ఈ 5,000, మోలిసెల్ పీ42ఏ 4,200 ఉన్నాయి. వీటికీ నకిలీలున్నాయి కనుక కాటా ఎప్పుడూ పక్కనే ఉండాలి. మన దేశంలో అమ్మే లిథియం సెల్లకు ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సెల్ మీదో డబ్బా మీదో ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి ఎవరి పేరున ఉందో చూసుకోవచ్చు.

35ఈ లో 3,500 ఉంది, 30క్యూ లో 3,000. ఎక్కువున్నదే మంచిది కదా?

లైటును బట్టి. 35ఈ నుంచి గరిష్ఠంగా 8 ఆంపియర్లు లాగొచ్చు, 30క్యూ నుంచి 15. మూడు నాలుగొందల ల్యూమెన్ల లైటు ఒక ఆంపియర్ దగ్గరే తింటుంది, దానికి 35ఈ హాయిగా సరిపోతుంది, ఎక్కువసేపు వస్తుంది. రెండు మూడువేల ల్యూమెన్ల లైటుకు ఎక్కువ సామర్థ్యం సెల్ వేస్తే మీట నొక్కగానే ఓల్టేజీ పడిపోయి పూర్తి వెలుగు రాదు. 21700లోనూ ఇదే తేడా: 50ఈ దాదాపు 10 ఆంపియర్లు, పీ42ఏ 45 ఆంపియర్లు. మామూలు ఇంటి వాడకానికి సామర్థ్యం ఎక్కువున్నదే తీసుకోండి.

18650, 21700, 26650 మూడింటిలో ఏది?

ఒక్కటే కొంటానంటే 18650. ఎక్కువ లైట్లకు సరిపోయేది, ఎక్కువ చార్జర్లలో పట్టేది, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో అడగగానే అందరికీ అర్థమయ్యేది అదే.

ఇక 21700 మూడు మిల్లీమీటర్లు లావు, అయిదు మిల్లీమీటర్లు పొడవు. అంత చిన్న తేడాకే శక్తి నలభై శాతం పైగా పెరుగుతుంది. సెల్ బరువు 70 గ్రాములకు చేరుతుంది, అయినా చేతిలో పట్టు ఇంకా బాగుంటుంది. రాత్రంతా పని ఉన్నవాళ్లకు నేను దీన్నే చెబుతాను. చాలా 21700 లైట్లు చిన్న ప్లాస్టిక్ గొట్టంతో 18650ను కూడా తీసుకుంటాయి, అది అదనపు లాభం.

26650 ఒకప్పుడు పెద్ద సామర్థ్యానికి పేరు. ఇప్పుడు దానికన్నా సన్నటి 21700 అంతే శక్తి ఇస్తోంది. చేతిలో ఉంటే వాడుకోండి, కొత్తగా దాని కోసం లైటు కొనక్కర్లేదు.

3.2 ఓల్టులని రాసిన లావు సెల్లు సోలార్ లైట్లలో వస్తున్నాయి. అవి?

అవి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. 32700 సైజులో 6,000 ఎంఏహెచ్, సుమారు 19 వాట్ అవర్లు. ఎక్కువ ఏళ్లు మన్నుతాయి, వేడిని బాగా తట్టుకుంటాయి, అంత తొందరగా అంటుకోవు. వాటి చార్జింగ్‌ను 3.65 ఓల్టుల దగ్గర ఆపాలి. 4.2 ఓల్టుల చార్జర్‌లో పెట్టకూడదు.

సెల్ సైజు సరిపోయింది కానీ మూత బిగుసుకోవడం లేదు / లైటు వెలగడం లేదు. ఎందుకు?

18650లన్నీ సరిగ్గా 65 మి.మీ. ఉండవు. లోపల రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్ 68 నుంచి 70 మి.మీ. దాకా వస్తుంది. బిగుతైన గొట్టంలో అది పట్టదు. ఇంకోవైపు, పాజిటివ్ కొన బొడిపెలా ఉబ్బి ఉండేది బటన్ టాప్, చదునుగా ఉండేది ఫ్లాట్ టాప్. కొన్ని లైట్లలో ఫ్లాట్ టాప్ వేస్తే కొన తగలక వెలగదు. కొనేముందు లైటు కాగితం మీద ఏది రాశారో చూడండి.

రక్షణ సర్క్యూట్ ఏం చేస్తుందంటే, షార్ట్ అయినా, మరీ ఖాళీ అయినా, ఎక్కువ చార్జ్ అయినా సెల్‌ను కట్ చేస్తుంది. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు వాడే లైటుకు సర్క్యూట్ ఉన్నదే వేయండి. ఓల్టేజీ పడిపోతే తనే ఆగిపోయే మంచి లైటు ఉండి, వాడేది మీరొక్కరే అయితే లేనిది వేసుకోవచ్చు.

సెల్ చుట్టూ ఉన్న సన్నటి ప్లాస్టిక్ తొడుగును కూడా చూస్తూ ఉండండి. ఆ తొడుగు కింద ఉన్న ఇనుప డబ్బా మొత్తం నెగెటివ్. అది పైన పాజిటివ్ కొన అంచు దాకా వస్తుంది, మధ్యలో ఉండేది ఒక మిల్లీమీటరో రెండో. సరిగ్గా అక్కడ తొడుగు చిరిగి లైటు లోహానికి తగిలితే షార్ట్ అయినట్టే. చిరిగిన సెల్‌ను వాడొద్దు. కొత్త తొడుగు వేయించండి లేదా పక్కన పెట్టేయండి.

పెన్ సెల్ లైటులో అదే సైజున్న 14500 వేస్తే వెలుగు పెరుగుతుందట, నిజమేనా?

లైటు దానికి తగ్గట్టు తయారైతే నిజమే. కాకపోతే ఎల్ఈడీ గానీ సర్క్యూట్ గానీ కాలిపోతుంది. 1.5 ఓల్టులకు చేసిన చోట 4.2 పెడుతున్నారు మరి. రెండు పెన్ సెల్ల లైటులో రెండు 14500లు వేస్తే 8.4 ఓల్టులు. లైటు మీదో కాగితం మీదో 14500 అని స్పష్టంగా ఉంటేనే వేయండి. ఈ సెల్‌ను ఇంట్లో పెన్ సెల్ల డబ్బాలో కలిపి ఉంచకండి, ఎవరో గోడ గడియారంలో పెట్టేస్తారు. 10440 విషయంలోనూ ఇదే జాగ్రత్త, అది రిమోట్ సెల్ అంతే ఉంటుంది.

యూఎస్‌బీ కేబుల్‌తో చార్జ్ అయ్యే 1.5 ఓల్టుల పెన్ సెల్లు ఎలా ఉంటాయి?

లోపల చిన్న లిథియం సెల్, దాని ఓల్టేజీని 1.5కు దించే సర్క్యూట్ ఉంటాయి. చివరిదాకా 1.5 నిలకడగా ఇస్తాయి. గడియారాలకు, బొమ్మలకు బాగుంటాయి. టార్చికి నాకు నచ్చవు. నికెల్ సెల్ అయిపోయే ముందు వెలుగు మెల్లగా తగ్గి మీకు చెబుతుంది. ఇవి ఏ సూచనా లేకుండా ఒక్కసారిగా ఆగిపోతాయి. గట్టు మీద నడుస్తుండగా అలా జరగకూడదు.

నా లైటులో మూడు రిమోట్ సెల్లు పట్టే గూడు కూడా ఇచ్చారు. వాటితో సరిపెట్టుకోవచ్చా?

అత్యవసరానికి మాత్రమే. మూడు ఏఏఏలు కలిపితే 3 వాట్ అవర్లు కూడా రావు. అదే లైటులో 18650 వేస్తే నాలుగు రెట్లు. గూడు మీద స్ప్రింగులు, సన్న రేకులు తొందరగా వదులై మినుకుమినుకుమంటాయి కూడా.

రాత్రిపూట పొలానికి, చెరువు గట్టుకు వెళ్లేవాళ్లకు ఏది మంచిది?

కరెంటు వచ్చే వేళ చూసుకుని మోటారు దగ్గరికి వెళ్లే రైతుకు కావాల్సింది దూరం కొట్టే సన్నటి వెలుగు కాదు. పాదాల ముందు నాలుగైదు అడుగుల మేర పరుచుకునే వెలుగు. కట్లపాము, రక్తపింజర రాత్రిపూట తిరుగుతాయి. వాటిని అడుగు వేయకముందే చూడాలి. 200 నుంచి 300 ల్యూమెన్లు నాలుగు గంటలు నిలకడగా ఇచ్చే 18650 లైటు, జేబులో నిండా చార్జ్ చేసిన ఇంకో సెల్ ఉంటే నిశ్చింత. బూట్లు లేకుండా ఏ లైటూ చాలదు, అది వేరే సంగతి.

భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర పని ఇంకో రకం. చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూడటానికి చెరువులో దించే పళ్లెం) పైకి లాగి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా అని చూడాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అక్కడ తలకు కట్టుకునే లైటే సరైనది. నుదుటి మీద మూడు ఏఏఏల లైటు తేలిగ్గా ఉన్నా తెల్లారేదాకా రాదు. సెల్ తల వెనక ఉండే 18650 లైటు బరువు ముందూ వెనకా సమానంగా పంచుతుంది, తెల్లారేదాకా వస్తుంది. మరీ నీలం తెలుపు కాకుండా కాస్త పసుపు కలిసిన తెలుపు వెలుగు తీసుకోండి, రొయ్య రంగు తేడా దానిలోనే బాగా కనపడుతుంది. ఉప్పునీటి గాలికి కొనలు పచ్చబడతాయి. వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి, మూత దగ్గరున్న రబ్బరు రింగుకు కాస్త సిలికాన్ గ్రీజు రాయాలి.

తుఫానుల కోసం ఇంట్లో ఏది ఉంచుకోవాలి?

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చార్జింగ్ సెల్ ఎంత గొప్పదైనా ఒకసారి ఖాళీ అయితే అంతే సంగతి. కనుక తీర ప్రాంతంలో ఉండేవాళ్లకు నేను చెప్పేది రెండు లైట్లు. ఒకటి 18650 లేదా 21700. రెండోది పెన్ సెల్లతో నడిచేది. చార్జింగ్ సెల్లు అయిపోయినా ఏ కిరాణా కొట్టులోనైనా దొరికే నిప్పో, ఎవరెడీ సెల్లు అందులో వేసుకోవచ్చు.

పెన్ సెల్లలో తక్కువ కారుడు రకం, అంటే వాడకుండా పక్కన పెట్టినా చార్జ్ అంతగా తగ్గనిది కొనండి. 2005లో సాన్యో ఎనెలూప్ పేరుతో మొదలుపెట్టిన రకం ఇది. మామూలు నికెల్ సెల్ నెలరోజుల్లోనే అయిదో వంతు దాకా పోగొట్టుకుంటుంది. ఇది ఏడాది పక్కన పెట్టినా చాలావరకు నిలుపుకుంటుంది. 2,500 కన్నా 2,000 ఎంఏహెచ్ రకమే తీసుకోండి, ఎక్కువసార్లు చార్జ్ అవుతుంది. సీజన్‌కు ముందు, సెప్టెంబరులో ఒకసారి అన్నీ నింపి పెట్టుకుంటే చాలు.

గోడ ప్లగ్గులో పెట్టే చార్జింగ్ లైటు ఆరు నెలలకే పోయింది. ఎందుకని?

చవకరకం చార్జింగ్ లైట్లలో చాలావాటిలో 4 ఓల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. దానికి ఖాళీగా ఉండటం పడదు. లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ చార్జ్ పట్టదు. కరెంటు పోయినప్పుడు వాడి, మసకబడ్డాక అటక మీద పడేస్తే అదే ఆఖరు. వాడిన వెంటనే నింపాలి, వాడకపోయినా నెలకోసారి నింపాలి. లిథియం సెల్‌ది దీనికి పూర్తిగా తిరగబడిన తీరు. దాన్ని నెలల తరబడి దాచాలంటే నిండా కాదు, సగం చార్జ్‌తో ఉంచితే ఎక్కువకాలం మన్నుతుంది.

బ్యాటరీ లోపలే అతికించిన లైట్లతో అసలు కష్టం, అది పోతే లైటంతా పారేయాలి. బాగున్న ఎల్ఈడీ, బాగున్న డబ్బా చెత్తలోకి పోతాయి. డబ్బులు పెట్టి కొన్నవాళ్లకు ఇది అన్యాయమే.

రెండు సెల్లు వరసగా పట్టే లైటులో ఒకటి పాతది, ఒకటి కొత్తది వేయొచ్చా?

లిథియంలో ఎప్పుడూ వద్దు. బలహీనమైనది ముందే ఖాళీ అవుతుంది. బలమైనది కరెంటును తోస్తూనే ఉంటుంది, ఖాళీదాంట్లో ఓల్టేజీ తిరగబడుతుంది. మూసి ఉన్న లోహపు గొట్టంలో ఆ సెల్ పగిలి వాయువు వదిలితే అది చేతిలో పేలుడే. ఒకే రోజు కొన్న, ఒకే రకం సెల్లకు గుర్తు పెట్టి, ఎప్పుడూ జంటగానే వాడి, జంటగానే చార్జ్ చేయండి. అసలు ఒక్క సెల్ లైటు కొంటే ఈ గొడవే ఉండదు.

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి తీసిన సెల్లు వాడొచ్చా?

మల్టీమీటర్ (ఓల్టేజీ కొలిచే మీటరు) వాడటం తెలిసినవాళ్లకే ఇది. 2 ఓల్టుల కన్నా కిందికి పడిపోయి ఉన్న సెల్‌ను మళ్లీ లేపే ప్రయత్నం చేయకండి. చార్జ్ చేస్తుంటే వేడెక్కేదాన్ని, నింపిన వారంలోనే ఓల్టేజీ దిగేదాన్ని పక్కన పెట్టండి. వీటికి రక్షణ సర్క్యూట్ ఉండదు. పిల్లల చేతికి ఇచ్చే లైటులో మాత్రం వద్దు.

చార్జర్ ఎలాంటిది కొనాలి?

ప్రతి గూడుకూ విడిగా లైటు, విడిగా నియంత్రణ ఉన్నది. లిథియం, నికెల్ రెండూ గుర్తుపట్టేది అయితే ఒక్కటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. 18650కి 1 ఆంపియర్ చొప్పున నాలుగు గంటల చుట్టుపక్కల నిండుతుంది, తొందరపడి ఎక్కువ పెట్టక్కర్లేదు. 16340, 14500 లాంటి చిన్నవాటికి అర ఆంపియర్ మించకూడదు. చార్జర్ పచ్చలైటు చూపాక సెల్ తీసి మల్టీమీటర్ పెడితే 4.15 నుంచి 4.2 ఓల్టులు రావాలి. 4.25 దాటితే ఆ చార్జర్‌ను పారేయండి, సెల్ సంగతి తర్వాత. రాత్రంతా మంచం పక్కన, దుప్పట్ల మధ్య చార్జ్ పెట్టకండి. గచ్చు మీద, మెలకువగా ఉన్న వేళ పెట్టండి.

ఎండకు, చలికి సెల్ పాడవుతుందా?

ఎండకే ఎక్కువ. రామగుండం, రెంటచింతల వైపు మే నెలలో బయటే 45 డిగ్రీలుంటే, ఎండలో ఆపిన కారు లోపల 60 దాటొచ్చు. లిథియం సెల్ అలాంటి చోట వేసవంతా ఉంటే సామర్థ్యం చాలా పడిపోతుంది. కారులో ఉంచే లైటుకు నికెల్ పెన్ సెల్లే నయం.

చలి మన దగ్గర లంబసింగిలో తప్ప పెద్ద సమస్య కాదు. అమెరికాలో మిన్నెసోటా, షికాగో వైపు, కెనడాలో ఉండే మనవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోవాలి: సున్నా డిగ్రీల కింద లిథియం సెల్‌ను వాడొచ్చు గానీ చార్జ్ చేయకూడదు. గడ్డకట్టిన సెల్‌ను ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాకే చార్జర్‌లో పెట్టండి.

విమానంలో తీసుకెళ్లొచ్చా?

విడి లిథియం సెల్లు చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. పరిమితి 100 వాట్ అవర్లు, 21700 కూడా దానికి చాలా కిందే కనుక ఇబ్బంది లేదు. ఒక్కో సెల్‌ను ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. ఈ డబ్బా విమానానికే కాదు, రోజూ అవసరమే. తాళాలు, చిల్లర ఉన్న జేబులో విడి సెల్ పడితే షార్ట్ అయి తొడ కాలుతుంది. లైటును సంచిలో పెట్టేటప్పుడు వెనక మూత అర చుట్టు వదులు చేస్తే మీట నొక్కుకున్నా వెలగదు.

పాడైన సెల్లను ఏం చేయాలి?

రెండు కొనలకూ టేపు వేసి విడిగా ఉంచండి. చెత్తబండిలో వేస్తే అది నొక్కేటప్పుడు మంటలు లేవొచ్చు, పాత ఇనుప సామాను కొట్టులో వేస్తే సుత్తితో పగలగొడతారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం అమ్మిన కంపెనీలే పాతవి వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలి. కొన్న షాపులో అడగండి, లేదంటే మీ ఊళ్లో ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వండి. నాలుగైదు పోగయ్యేదాకా మూత ఉన్న మట్టి కుండలోనో ఇనుప డబ్బాలోనో కాస్త ఇసుక వేసి, ఇంటి బయట నీడలో ఉంచితే చాలు.